అక్టోబరులో తొలి కాన్పు: పర్లాకిమిడిలోనే ఉండాలా, పుట్టింటికి వెళ్ళాలా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి), సెప్టెంబరు 14

అందరికీ నమస్కారం. నాకు ఇది తొలిచూలు. ఈ రోజుతో ముప్పై ఆరు వారాలు నిండాయి, అక్టోబరు రెండో వారంలో కాన్పు కావచ్చని డాక్టరు గారు చెప్పారు. అత్తవారిల్లు ఒడిశాలోని పర్లాకిమిడి పట్టణంలోనే ఉంది, పుట్టిల్లు ఆంధ్ర వైపు మెళియాపుట్టి దాటి లోపలికి వెళ్ళవలసిన పల్లె. తొలి పురుడు పుట్టింట్లో పోయడం మా వాళ్ళ ఆనవాయితీ. ఏడో నెలలోనే తీసుకువెళ్ళాలని అమ్మ వచ్చింది గానీ, అప్పుడు నాకు రక్తం (హిమోగ్లోబిన్) 8.9 మాత్రమే ఉండడంతో డాక్టరు గారు కదలవద్దన్నారు. ఇప్పుడది 10.2కు వచ్చింది కనుక దసరాలోపు తీసుకువెళ్తానని అమ్మ మళ్ళీ కబురు పెట్టింది.

మామగారు మాత్రం అక్టోబరు తుఫానుల నెల అని, తిత్లీ వచ్చినప్పుడు రోడ్ల మీద చెట్లు ఎలా పడి ఉన్నాయో గుర్తు చేసుకోమని అంటున్నారు. మావారు ఎవరి మాటా కాదనలేక ఊరుకుంటున్నారు. నా మమత కార్డు (తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు), అంగన్‌వాడీ నమోదు, పరీక్షల కాగితాలు అన్నీ ఒడిశా వైపే ఉన్నాయి. ఇటువంటి పరిస్థితిలో మీరెవరైనా ఎలా నిర్ణయించుకున్నారో చెప్పగలరా?

బరంపురం అమ్మ, సెప్టెంబరు 14

చెల్లెమ్మా, నాకు ఇద్దరు పిల్లలు, రెండోది ఆపరేషను కాన్పు. ఆనవాయితీ సంగతి కాసేపు పక్కన పెట్టి, రాత్రి రెండు గంటలకు నొప్పులు మొదలై, తెల్లవారే లోపు ఆపరేషను చేయవలసి వస్తే ఆ ఊరి నుంచి ఎక్కడికి వెళ్తారు, ఎంతసేపట్లో వెళ్తారు, అక్కడ మత్తు ఇచ్చే డాక్టరు, రక్తనిధి ఉన్నాయా అన్నది ముందు అడిగి తెలుసుకోండి. పర్లాకిమిడిలో జిల్లా కేంద్ర ఆసుపత్రి మీ ఇంటికి ఆటోలో వెళ్ళగలిగే దూరంలో ఉంది. మీ పుట్టింటి నుంచి పాతపట్నం గానీ టెక్కలి గానీ చేరుకోవాలి, అక్కడ కుదరకపోతే శ్రీకాకుళం పంపిస్తారు. ఏడో నెలలో 8.9 ఉన్న మనిషికి కాన్పు సమయంలో రక్తస్రావం కొంచెం ఎక్కువైనా తట్టుకోవడం కష్టం. నేనైతే దీన్ని బట్టే నిర్ణయించుకుంటాను.

మీ మామగారి భయం ఉత్తిది కాదు. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాలపురం దగ్గర తీరం దాటింది, తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర దాటింది. రెండూ మీరు చెప్పిన అక్టోబరు రెండో వారంలోనే! తుఫాను హెచ్చరిక రాగానే, తేదీ దగ్గర పడిన గర్భిణులను ముందుగానే ఆసుపత్రులకు చేర్చడం ఒడిశాలో ఇప్పుడు అలవాటైన పని. ఆ జాబితాలో మీ పేరు ఉండాలంటే మీ ఆశా దీదీకి మీరు ఏ ఊరిలో ఉంటున్నారో తెలిసి ఉండాలి.

గుణుపురం కోడలు, సెప్టెంబరు 15

నాకు పాప పుట్టి మూడు నెలలవుతోంది. మా పుట్టిల్లు కాశీనగరం అవతల ఉంది, నాదీ ఇదే గొడవ. చివరికి మా అమ్మే ఇక్కడికి వచ్చి నెలన్నర ఉంది. అత్తవారింట్లో తల్లి ఉండి పురుడు పోయించడమేమిటని మొదట చుట్టాలు గుసగుసలాడారు. అమ్మ వంటగదిలో ఎక్కడ కూర్చోవాలి, ఏ గిన్నె వాడాలి అన్న ఇబ్బంది కూడా వారం రోజులు నడిచింది. ఇది చిన్న విషయమని తీసిపారేయకండి. మీ అమ్మగారిని పిలిచేటట్లయితే మీ అత్తగారే స్వయంగా ఫోను చేసి పిలిచేలా చూడండి, లేకపోతే ఆవిడ రారు.

సంచి ఇప్పుడే సర్ది పెట్టుకోండి. నేను పెట్టుకున్నవాటిలో నిజంగా పనికివచ్చినవి మెత్తబడిన పాత నూలు చీరల ముక్కలు, నాన్నగారి పాత పంచె చింపి కుట్టిన పొత్తిగుడ్డలు, ముందు తెరుచుకునే రెండు నైటీలు, స్టీలు గ్లాసు, ఫ్లాస్కు, పొడుగు తీగ ఉన్న ఫోను ఛార్జరు. కొత్త బట్టలు ఒక్కటీ వాడలేదు, అవి గరుకుగా ఉన్నాయి. వాటిని కూడా ఒకసారి ఉతికి ఎండబెట్టి తీసుకువెళ్ళి ఉంటే పనికివచ్చేవి.

ఇంకో మాట. నేను కాన్పు అయిన ఆసుపత్రి పేరు చెప్పను. కాన్పు గదిలోకి అమ్మను రానివ్వలేదు, నొప్పులకు అరిస్తే ఒక సిస్టరు చాలా మోటుగా మాట్లాడింది. కాన్పు సమయంలో తోడుగా ఒక ఆడమనిషిని ఉండనివ్వాలని ప్రభుత్వమే చెబుతుందని నాకు తరువాత తెలిసింది. మీరు ముందే వెళ్ళి, తోడు ఎవరు ఉండవచ్చో అడిగి పెట్టుకోండి.

విశ్రాంత నర్సు (రాయగడ), సెప్టెంబరు 15

గుణుపురం అమ్మాయి పడిన మాటలకు నా వృత్తిలోని వాళ్ళ తరఫున నాకు బాధగా ఉంది. ఆ గదిలో తోడు ఉంటే తల్లి భయం తగ్గుతుంది, మా పనీ తేలికవుతుంది. నేను పనిచేసినన్నాళ్ళూ చూసినది ఇదే.

మహేంద్రతనయ గారూ, ఈ నాలుగు వారాలూ మీరు గమనించవలసినవి కొన్ని ఉన్నాయి. రోజూ ఒకే వేళకు, భోజనం చేశాక, ఎడమవైపు తిరిగి పడుకుని బిడ్డ కదలికలు లెక్కపెట్టండి. రెండు గంటల్లో పది కదలికలు రావాలి. చాలాసార్లు అరగంటలోనే వస్తాయి. రాకపోతే, లేదా రోజూ ఉండే ఊపు ఈ రోజు తగ్గిందని మీ మనసుకు అనిపిస్తే, తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి. నెలలు నిండాక బిడ్డకు చోటు చాలక కదలడం తగ్గుతుందని పెద్దవాళ్ళు అంటారు. తన్నే తీరు మారవచ్చు గానీ కదలికల సంఖ్య తగ్గకూడదు.

రక్తపోటు 140/90 గానీ అంతకు మించి గానీ ఉంటే, తగ్గని తలనొప్పి, కళ్ళ ముందు మసక, పక్కటెముకల కింద నొప్పి, ముఖం ఉబ్బడం వీటిలో ఏది కనిపించినా అది గుర్రపువాతానికి (గర్భిణులకు వచ్చే ఫిట్స్‌కు) దారి తీయవచ్చు. సాయంత్రానికి కాళ్ళు కొంచెం వాయడం అంత భయపడవలసినది కాదు.

నొప్పుల విషయానికి వస్తే, దొంగనొప్పులు నడిస్తేనో పక్కకు తిరిగి పడుకుంటేనో సర్దుకుంటాయి, వాటి మధ్య వ్యవధి ఒక క్రమంలో ఉండదు. అసలు నొప్పులు నడుము నుంచి ముందుకు వచ్చి, రానురాను దగ్గరపడి బలపడతాయి. ఐదు నిమిషాలకొకటి చొప్పున, ఒక్కొక్కటి నిమిషం దాకా, గంటసేపు వస్తే బయలుదేరండి. ఉమ్మనీరు పోతే నొప్పులు లేకపోయినా బయలుదేరండి. ఆ నీరు ఆకుపచ్చగా ఉందా, తెల్లగా ఉందా చూసి డాక్టరుకు చెప్పండి, ఎందుకంటే ఆకుపచ్చగా ఉంటే బిడ్డ లోపల మలవిసర్జన చేసిందని అర్థం. ఎర్ర రక్తం ధారగా పోతే మాత్రం ఒక్క నిమిషం కూడా చూడవద్దు.

మీ 10.2 మంచి మార్పే, గర్భిణికి 11 ఉండాలి. ఇనుము మాత్రను కాల్షియం మాత్రతో కలిపి వేసుకోవద్దు, టీ తాగిన వెంటనే వేసుకోవద్దు. నిమ్మరసం గానీ ఉసిరి గానీ తీసుకుంటే బాగా ఒంటపడుతుంది. కాన్పు తరువాత కూడా 180 రోజులు వేసుకోవాలి.

చీకటి అమ్మమ్మ, సెప్టెంబరు 16

నేను తల్లి తరఫు మనిషిని కనుక ఆ వైపు మాట కూడా వినండి. కూతురికి తొలి పురుడు పోయడం మాకు ఖర్చు కాదు, బరువు కాదు. పెళ్ళి చేసి పంపాక మళ్ళీ పిల్లను నలభై రోజులు దగ్గర ఉంచుకునే వీలు ఆ తల్లికి ఇదొక్కటే. ఆవిడకు ఆసుపత్రి సంగతులు చెప్పి వాదించకండి, ఆవిడకు అవి తెలియక కాదు. పాప పుట్టి, కుట్లు ఆరి, ప్రయాణం చేయవచ్చని డాక్టరు చెప్పాక పుట్టింటికి పంపుతామని మాట ఇవ్వండి. పురిటి స్నానమో, బారసాలో అక్కడ చేయించండి.

పథ్యం గురించి కూడా ఒక మాట. మా రోజుల్లో సొంఠి, పిప్పళ్ళు వేసి కాయం చేసి పెట్టేవాళ్ళం, వెల్లుల్లి కారంతో అన్నం పెట్టేవాళ్ళం, నీళ్ళు మాత్రం కొలిచి ఇచ్చేవాళ్ళం. ఈ కాలం పిల్లలు ఇవేవీ వద్దంటున్నారు.

బరంపురం అమ్మ, సెప్టెంబరు 16

పిన్నిగారూ, మీ మొదటి మాట నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటాను. నీళ్ళు కొలవడం మాత్రం ఒప్పుకోను. పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ. నీళ్ళు తగ్గిస్తే మలబద్ధకం, మూత్రంలో మంట వస్తాయి, కుట్లు ఉన్నవాళ్ళకు అది నరకం. కాయం, వెల్లుల్లి మితంగా తింటే అభ్యంతరం ఉండకపోవచ్చు గానీ పప్పు, గుడ్డు, ఆకుకూరలు, చేప మాన్పించి వట్టి కారం అన్నం పెడితే, ముందే రక్తం తక్కువ ఉన్న పిల్ల ఏమవుతుంది?

చీకటి అమ్మమ్మ, సెప్టెంబరు 16

నీళ్ళ విషయం సరే. వేడినీళ్ళు ఇస్తానంటే ఎవరూ కాదనరుగా!

సిరొంచ చెల్లి, సెప్టెంబరు 18

నేను మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ నుంచి రాస్తున్నాను. నాకు ఏడో నెల. ఇక్కడ గ్రామీణ ఆసుపత్రి ఉంది, జిల్లా కేంద్రం దాదాపు 200 కిలోమీటర్లు. గోదావరి వంతెన దాటితే కాళేశ్వరం, తెలంగాణ వైపు వెళ్ళడమే మాకు సులువు, మా వాళ్ళలో చాలామంది మంచిర్యాలకో వరంగల్లుకో వెళ్తారు. ఈ జిల్లాలో లోపలి పల్లెల వాళ్ళకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల దగ్గర మాహేర్ ఘర్ అని కాన్పుకు ముందు వచ్చి ఉండే గదులు ఉన్నాయి. ఒడిశాలో అటువంటివి ఉన్నాయా? నా రక్తం బి నెగెటివ్, మావారిది పాజిటివ్. దీనికి ఒక సూది వేయాలన్నారు, అది ఎప్పుడు?

విశ్రాంత నర్సు (రాయగడ), సెప్టెంబరు 18

ఉన్నాయి తల్లీ, ఇక్కడ వాటిని ‘మా గృహ’ (అమ్మ ఇల్లు) అంటారు. కొరాపుట్, మల్కన్‌గిరి, రాయగడ, గజపతి జిల్లాల కొండ ఊళ్ళ వాళ్ళు తేదీకి ముందే వచ్చి అక్కడ ఉంటారు.

మీ సూది యాంటీ-డి. 28 వారాలకు ఒకటి వేస్తారు, బిడ్డ రక్తం పాజిటివ్ అయితే పుట్టిన 72 గంటల్లోపు మరొకటి వేయాలి. అది అన్ని చోట్లా నిలవ ఉండదు, కనుక ఏడో నెల అంటున్నారు కాబట్టి ఈ వారమే అడగండి, కాన్పు ఎక్కడ అవుతుందో అక్కడ కూడా ముందే అడిగి పెట్టండి. కార్డు మీద మీ రక్తం గుంపు పెద్ద అక్షరాలతో రాయించుకోండి. మీ ప్రాంతంలో, మా కొరాపుట్, రాయగడ వైపు కూడా, సికిల్‌సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు ఎక్కువ కాబట్టి ఆ పరీక్ష అయిందో లేదో చూసుకోండి.

జయపురం నాన్న, సెప్టెంబరు 19

ఆడవాళ్ళ చర్చలో దూరినందుకు మన్నించాలి, మాకు వేసవిలో బాబు పుట్టాడు. కాగితాల పని భర్త చేయవలసినదే కాబట్టి మహేంద్రతనయ గారి భర్త కోసం రాస్తున్నాను.

బాబూ, ఏ పక్షమూ తీసుకోకపోయినా ఈ పనులు మాత్రం నువ్వు చేయి. మీ ఆవిడ రక్తం గుంపు ఉన్న స్నేహితులు ఇద్దరిని ముందే మాట్లాడి పెట్టుకో. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, ఆపరేషను, మందులు, రక్తం, రానుపోను బండి అన్నీ 2011 నుంచి ఉచితమే. భోజనం కూడా మామూలు కాన్పుకు మూడు రోజులు, ఆపరేషనుకు ఏడు రోజులు ఇవ్వాలి. ఎవరైనా చేయి చాపితే ఈ సంగతి తెలిసిన మనిషిలా మాట్లాడు. జననీ సురక్ష డబ్బు ఒడిశాలో పల్లెవాళ్ళకు 1,400, పట్టణం వాళ్ళకు 1,000 రూపాయలు. అది ఆమె పేరు మీద ఉన్న ఖాతాలోనే పడుతుంది, ఆ ఖాతాకు ఆధార్ కలిసి ఉందో లేదో ఇప్పుడే చూసుకో.

సరిహద్దు ఊళ్ళ వాళ్ళకు ఒక చిక్కు ఉంది. మా బావమరిది ఇల్లు సాలూరు వైపు రోడ్డులో ఉంది. అక్కడ ఫోను ఒక్కోసారి అవతలి రాష్ట్రం టవరు పట్టుకుంటుంది, అప్పుడు 108 చేస్తే అవతలి వాళ్ళు ఎత్తి ఊరి పేరు అర్థంకాక అడుగుతూనే ఉంటారు. కాబట్టి 102 బండి డ్రైవరు నంబరు, నమ్మకమైన ఆటో అబ్బాయి నంబరు గోడ మీద రాసి పెట్టు.

పుట్టుక నమోదు ఎక్కడ పుడితే అక్కడే జరుగుతుంది, మీ ఇల్లు ఏ రాష్ట్రంలో ఉందన్న దానితో పని లేదు. 21 రోజుల్లోపు చేయిస్తే జరిమానా లేదు. పేరు ఇంకా పెట్టకపోయినా నమోదు చేయించవచ్చు, ఏడాదిలోపు పేరు ఉచితంగా చేర్పించుకోవచ్చు. తల్లిదండ్రుల పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే రాయించు. మా వాడి కాగితంలో మా ఇంటిపేరు ఒరియా తీరులో పడింది, దాన్ని మార్పించడానికి ఇప్పటికీ తిరుగుతున్నాను.

మహేంద్రతనయ, సెప్టెంబరు 23

మీ అందరి మాటలూ మావారికి చదివి వినిపించాను. అత్తగారే అమ్మకు ఫోను చేశారు. ఏం మాట్లాడారో నాకు తెలియదు, తలుపు వేసుకుని మాట్లాడారు. అమ్మ ఆదివారం వస్తానంది, కానీ బారసాల మెళియాపుట్టిలోనే అన్న షరతు పెట్టింది.

రాత్రి భోజనమయ్యాక ఎడమవైపు పడుకుని, బిడ్డ కదిలినప్పుడల్లా ఒక చింతగింజను ఈ గిన్నెలో నుంచి ఆ గిన్నెలోకి వేస్తున్నాను. వేళ్ళ మీద లెక్కపెడితే మధ్యలో ఎవరో ఒకరు పలకరించి లెక్క తప్పిపోతోంది. మొన్న ఆసుపత్రిలో తోడు సంగతి అడిగాను, ఒక మనిషి ఉండవచ్చన్నారు. అమ్మ, అత్తగారు ఇద్దరిలో ఎవరన్నది ఇంకా తేలలేదు.

గుణుపురం కోడలు, సెప్టెంబరు 23

అమ్మనే ఉంచుకోండి వదినా. అత్తగారికి పాపను మొదట చేతికిచ్చే గౌరవం ఇస్తే సరిపోతుంది.

మహేంద్రతనయ, అక్టోబరు 14

పాప పుట్టింది. 2.7 కిలోలు, మామూలు కాన్పు. ఇంటికి వచ్చాము.

వాయుగుండం ఉందని రేడియోలో చెప్పగానే ఆశా దీదీ ఇంటికి వచ్చి నా పేరు రాసుకుని వెళ్ళింది. రెండు రోజులు వాన కురిసింది, రోడ్డు మాత్రం చక్కగా ఉంది. మెళియాపుట్టి బస్సులు ఆగలేదని అమ్మ ఇప్పటికి ఎన్నిసార్లు చెప్పిందో!

సాయంత్రం ఉమ్మనీరు పోయింది, తెల్లగానే ఉంది, నొప్పులు లేవు. మీరు చెప్పినట్టే వెంటనే బయలుదేరాము. రాత్రంతా నొప్పులు పడ్డాను. అమ్మ నా నడుము కింది భాగాన్ని అరచేత్తో నొక్కి పట్టుకుంటే ఆ నొప్పి భరించగలిగాను, చేయి తీస్తే భరించలేకపోయాను. సిస్టరు గారు నడవమన్నారు, ఎడమవైపు పడుకోమన్నారు, ముక్కమన్నప్పుడు తప్ప ముక్కవద్దన్నారు, ఒక్క కటువు మాట అనలేదు. పుట్టగానే పాపను తుడిచి నా గుండెల మీద పెట్టారు, బొడ్డుతాడు కాసేపు ఆగి కోశారు. గంటలోపే ముర్రుపాలు పట్టించారు. మా మేనత్త తేనె సీసా తెచ్చి నాలుకకు రాస్తానంటే అత్తగారే వద్దని దాన్ని లోపల పెట్టేశారు.

ఇప్పుడు నా కష్టం పాలు. పాప పట్టగానే చనుమొన చీలినట్టు నొప్పి వస్తోంది, ఒకవైపు రక్తం కూడా కనిపించింది. పాలు చాలడం లేదని, డబ్బా పాలు కలపమని అందరూ అంటున్నారు. పైగా నిన్నటి నుంచి కారణం లేకుండా ఏడుపు వస్తోంది. పాప ముఖం కొంచెం పసుపుగా ఉంది, పొద్దుట ఎండలో పెట్టమంటున్నారు.

విశ్రాంత నర్సు (రాయగడ), అక్టోబరు 14

శుభం తల్లీ. నొప్పి పుడుతున్నదంటే పాప చనుమొన మాత్రమే పట్టుకుంటోంది. నోరు ఆవులించినంత పెద్దగా తెరిచే దాకా ఆగి, పాపను నీ దగ్గరకు తెచ్చుకో, నువ్వు పాప మీదికి వంగకు. చనుమొన చుట్టూ ఉన్న నల్లటి భాగంలో కిందివైపు ఎక్కువగా నోట్లోకి వెళ్ళాలి, గడ్డం రొమ్ముకు ఆనాలి, కింది పెదవి బయటికి తిరగాలి. నొప్పి పుడితే చిటికెన వేలు నోటి మూలలో పెట్టి విడిపించి మళ్ళీ పట్టించు. పాలిచ్చాక నీ పాలే రెండు చుక్కలు రాసి ఆరనివ్వు.

పాలు చాలుతున్నాయో లేదో తడిసిన గుడ్డలు చెబుతాయి. ఐదో రోజు దాటాక రోజుకు ఆరు సార్లకు తక్కువ కాకుండా మూత్రం పోస్తే చాలుతున్నట్టే. పగలూ రాత్రీ కలిపి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు ఇవ్వు. డబ్బా పాలు పడితే పాప నీ దగ్గర తక్కువ తాగుతుంది, అప్పుడు పాలు నిజంగానే తగ్గుతాయి. మొదటి రోజుల్లో బరువు కొంచెం తగ్గడం మామూలే, రెండో వారానికి తిరిగి రావాలి.

పసుపు విషయం ఎండతో తేల్చుకోవద్దు, రేపే చూపించు. కొంతవరకు చాలామంది పిల్లలకు వచ్చి పోతుంది, కానీ అరచేతులు, అరికాళ్ళ దాకా దిగినా, పాప మందకొడిగా ఉండి పాలు తాగకపోయినా వెంటనే తీసుకువెళ్ళాలి. ఆసుపత్రిలో పెట్టే నీలి దీపాల పని కిటికీ ఎండ చేయదు.

బరంపురం అమ్మ, అక్టోబరు 14

ఆ ఏడుపు నాకూ వచ్చింది చెల్లెమ్మా, రెండు కాన్పులకూ. పాలు పడే రోజుల్లో మొదలై రెండు వారాల లోపు దానంతట అదే తగ్గుతుంది. తగ్గకుండా ఇంకా పెరిగితే, పాప పడుకున్నా నీకు నిద్ర పట్టకపోతే, పాప మీద మమకారమే రావడం లేదనిపిస్తే, లేదా బతకాలని లేదనిపిస్తే డాక్టరుకు చెప్పాలి, దాచకూడదు. మీవారికి కూడా ఈ మాట చదివి వినిపించు. పగలు పాప పడుకున్నప్పుడు నువ్వూ పడుకో, వచ్చిన చుట్టాలకు టీ పెట్టే పని అత్తగారు చూసుకుంటారు.

మహేంద్రతనయ, అక్టోబరు 17

పాపను చూపించాము. రక్తపరీక్ష చేసి దీపాల అవసరం లేదన్నారు, రెండు రోజులకు మళ్ళీ రమ్మన్నారు. ఆశా దీదీ ఏడో రోజున వచ్చి బరువు తూచింది, ఇంక పద్నాలుగో రోజున వస్తుందట. మీరు చెప్పినట్టు పట్టిస్తే ఎడమవైపు నొప్పి పోయింది, కుడివైపు ఇంకా ఉంది.

సిరొంచ చెల్లీ, మీ సూది దొరికిందా?

సిరొంచ చెల్లి, అక్టోబరు 17

దొరికింది అక్కా. ఇక్కడ నిలవ లేదు, మంచిర్యాలలో వేయించుకున్నాను. కాన్పుకు కూడా అక్కడే పేరు రాయించాను, పదిహేను రోజుల ముందే వెళ్ళి మా చిన్నాన్నగారి ఇంట్లో ఉంటాను. పొత్తిగుడ్డలకు నాన్న పంచె అడిగితే కొత్తది కొనిస్తానంటున్నారు, పాతదే కావాలని అమ్మ చేత చెప్పిస్తున్నాను.